చీపురు పుల్లతో వచ్చిన కొలత

(నల్లగొండలో వేసవి సెలవులకు ముందు డిగ్రీ విద్యార్థుల సభలో ఒక కామర్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది. ఆపమందామంటే ఈ ఎండలో అది న్యాయం కాదు. నేనే గొంతు పెంచుతాను.

నా చేతిలో ఉన్నది ఏమిటో చెప్పండి. అవును, చీపురు పుల్ల. మన ఇళ్లలో పొరక పుల్ల అంటాం. ఈ చివర చూడండి, గోటితో గిల్లి తుంచారు. జానెడు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. దీన్ని కాసేపు ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ సెలవుల్లో మీలో చాలామంది దుకాణాల్లో పనికి చేరుతున్నారని విన్నాను. బట్టల దుకాణాలు, ఫోన్ల దుకాణాలు, సూపర్ మార్కెట్లు, కూలర్లు అమ్మేచోట్లు. ఎవరెవరు వెళ్తున్నారు? చేతులెత్తండి. ఎత్తండి, పర్వాలేదు. చూశారా, ముందు పదిహేను ఇరవై చేతులు లేచాయి. పక్కవాళ్ల వైపు చూసుకుని అందులో సగం దిగిపోయాయి. ఎందుకు దిగాయి? సాఫ్ట్‌వేర్ శిక్షణకు వెళ్తున్నాం అంటే ఎత్తిన చేయి అలాగే ఉండేది కదా. దుకాణంలో పని అనేసరికి దిగింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేను కూడా ఒకప్పుడు అలా చేయి దించినవాణ్నే. అందుకే ఈ రోజు ఇక్కడికి వచ్చాను.

2017 వేసవి. బీకాం రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. మాది దేవరకొండ రోడ్డు వైపు ఊరు. రెండెకరాలు, ఒక బోరు. ఆ ఏడాది బోరు మార్చి నెలలోనే చేతులెత్తేసింది. మూడో సంవత్సరం ఫీజుకు డబ్బు కావాలి. మా ఊరి ఆటో డ్రైవరు ఒకాయన ప్రకాశం బజారులో ఒక చెప్పుల దుకాణంలో మనిషి కావాలంటున్నారని చెప్పాడు. నెలకు 6,000. మధ్యాహ్నం టీ, సాయంత్రం టీ. ఆ దుకాణం పేరు చెప్పను, అవసరం లేదు.

ఇంట్లో చెప్పాను. మా నాన్న ఏమన్నారో తెలుసా? "బట్టల దుకాణమైతే పో. చెప్పుల దుకాణమా? పదిమంది కాళ్లు పట్టుకునే పని మనకెందుకు?" అన్నారు.

కాళ్లు పట్టుకోవడం అంటే మన భాషలో ఏమిటి? బతిమాలడం. లొంగిపోవడం. ఆ మాట వెనక ఇంకో మాట కూడా ఉంది, దాన్ని దాచి మాట్లాడితే నేను మీకు నిజం చెప్పినట్టు కాదు. తోలు, చెప్పు, కాలు, వీటిని ముట్టే పని ఫలానా కులంవాళ్లదని మన ఊళ్లు తరతరాలుగా గీత గీశాయి. చెప్పు కుట్టిన చేతిని ఊరి అవతల ఉంచి, ఆ చేయి కుట్టిన చెప్పును మాత్రం దర్జాగా తొడుక్కుని తిరిగాయి. మా నాన్న చెడ్డ మనిషి కాదు. కానీ ఆ గీత ఆయన మాటలో ఉంది. నాలో కూడా ఉంది. నేను పనికి చేరాను, కానీ నా స్నేహితులకు మూడు వారాల దాకా చెప్పలేదు. గడియారం సెంటరు దగ్గర ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే సందులోకి తప్పుకునేవాణ్ని.

మొదటి పదిహేను రోజులు నన్ను అటక ఎక్కించారు. మీరు చెప్పుల దుకాణంలో కూర్చుని "ఇందులో 8 నంబరు చూపించండి" అంటారు. సేల్స్‌మన్ తల పైకెత్తి ఏదో అంకె అరుస్తాడు. కప్పులో ఉన్న చదరపు కంతలోంచి ఒక పెట్టె ఊడిపడుతుంది. ఆయన మీతో మాట్లాడుతూనే, అటు చూడకుండానే దాన్ని పట్టుకుంటాడు. ఆ పెట్టె దానంతటదే పడిందా? పైన ఒక మనిషి ఉంటాడు. ఆ వేసవిలో ఆ మనిషిని నేను.

అటక ఎత్తు నాలుగడుగులు. నిలబడలేం. వంగి నడవాలి, లేదా మోకాళ్ల మీద నడవాలి. పైన రేకులు. మే నెలలో నల్లగొండ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? ఒక చిన్న ఫ్యాను ఉండేది, వేడిగాలినే ఇటు నుంచి అటు తోసేది. రబ్బరు వాసన, అంటించే జిగురు వాసన, అట్టపెట్టెల దుమ్ము. పెట్టె పక్కన అతికించిన చీటీ మీద రకం నంబరు, రంగు, సైజు, ధర ఉంటాయి. వారం తిరిగేసరికి చీటీ చదవకుండానే ఏది ఎక్కడుందో చేయి చెప్పేది.

అక్కడి నుంచి కిందికి చూస్తే ఏం కనిపిస్తుంది? మనుషుల ముఖాలు కనిపించవు. నడినెత్తి, భుజాలు, ముందుకు చాచిన కాళ్లు. అంతే. పదిహేను రోజులు నేను కాళ్లను మాత్రమే చూశాను. మొదట్లో అవి నాకు ఒకేలా కనిపించాయి.

కింద ఒక పెద్దాయన ఉండేవారు. అందరం ఆయన్ను చాచా అనేవాళ్లం. ఇరవై రెండేళ్లుగా అదే దుకాణంలో సేల్స్‌మన్. పదో తరగతి దాటలేదు. నేను కామర్సు విద్యార్థినని తెలిసి సంతోషపడ్డారు. ఒక రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక నన్ను కిందికి పిలిచి అడిగారు. "బేటా, మీ అమ్మ నంబరు ఎంత?"

ఫోను నంబరు అనుకున్నాను. చెప్పాను. ఆయన నవ్వలేదు. "అది కాదు, కాలి నంబరు" అన్నారు.

నాకు తెలియదు. మీలో ఎంతమందికి తెలుసు? మీ అమ్మగారి చెప్పు సైజు ఎంత? ఇప్పుడు చేతులు ఎత్తమనను. నా నంబరు నాకు తెలుసు, నా స్నేహితుల నంబర్లు తెలుసు. అమ్మది తెలియదు. ఆ వారం సెలవు రోజు ఇంటికి వెళ్లి చూశాను. మా అమ్మ మా నాన్న విడిచేసిన చెప్పులే తొడుక్కుని పొలానికి వెళ్తోంది. రెండంగుళాలు వెనక మిగిలిపోయే చెప్పులు. గట్టు మీద జారకుండా వేళ్లతో బిగపట్టి నడుస్తోంది. ఇరవై ఏళ్లుగా నా కళ్ల ముందే జరుగుతున్న సంగతి అది. దుకాణంలో ఒక మనిషి అడిగితే గానీ నాకు కనిపించలేదు.

ఆ తర్వాత చాచా నన్ను కిందే ఉంచుకుని పని నేర్పారు. నేర్చుకున్నవన్నీ చెప్పను, ఒకటి రెండు చెబుతాను. మన దగ్గర వాడే నంబర్లలో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు. అంతే. ఆ మూడో వంతులోనే ఒక మనిషి రోజంతా హాయిగా నడవడమో, కుంటడమో ఉంటుంది. సాయంత్రానికి కాలు కాస్త ఉబ్బుతుంది, అందుకని పొద్దున్నే కొన్న బూటు సాయంత్రం బిగుస్తుంది. రెండు కాళ్లూ సమానంగా ఉండవు, కాబట్టి ఎప్పుడూ పెద్ద కాలికి కొలవాలి. పిల్లల నంబర్లు 13 దాకా వెళ్లి ఆగిపోతాయి, ఆ తర్వాత మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. జూన్ 12న బడులు తెరుస్తారనగా తల్లులు వస్తారు చూడండి, వాళ్లతో దీని గురించి ఎన్ని వాదాలో! "నిరుడు 13 తీసుకున్నాం, పిల్లవాడు ఇంత ఎదిగాడు, నువ్వు 1 ఇస్తున్నావేమిటి" అని ఒక తల్లి నా మీద కోప్పడింది. ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? అంకె తగ్గితే ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండు జతలూ పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకుంది.

ఆ తల్లులే ఇంకో మాట అంటారు. "రెండేళ్లు రావాలి, ఒక నంబరు పెద్దది ఇవ్వు." డబ్బు కష్టం తెలిసిన మాట అది. కానీ పెద్ద బూటు వేసుకున్న పిల్లవాడు పరిగెత్తితే పడతాడు. చాచా బూటు ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూసేవారు. పిల్లవాడి వేలి కొసకూ బూటు కొసకూ మధ్య ఒక బొటనవేలు వెడల్పు జాగా ఉంటే చాలు. "అమ్మా, ఇది ఒక ఏడాది బాగా వస్తుంది, రెండేళ్లు రాదు. పెద్దది తీసుకుంటే మొదటి ఏడాది పడతాడు, రెండో ఏడాదికి అది చిరిగిపోతుంది" అని విడమరిచి చెప్పేవారు. కొందరు వినేవారు, కొందరు వినేవారు కాదు. వినకపోయినా ఆయన మాట మాత్రం చెప్పి తీరేవారు.

ఇప్పుడు ఈ పుల్ల.

మే నెల రెండో వారం. మీకు తెలుసు, యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో తూకం అయ్యి డబ్బు ఖాతాలో పడే కాలం. అదే పెళ్లిళ్ల కాలం. మన బజారుకు ప్రాణం అప్పుడే వస్తుంది. కనగల్, తిప్పర్తి, కట్టంగూర్, మునుగోడు, అన్ని వైపుల నుంచీ బస్సులు దిగి వస్తారు. కనగల్ వైపు నుంచి ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుక్కి బూట్లు కొన్నాడు. తనకు చెప్పులు కొన్నాడు. లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. కాగితం విప్పితే అందులో చీపురు పుల్ల. "ఇంట్లో ఆమెకు" అన్నాడు.

మీలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది తెలుసు. తెలుసు కదా? అక్కడ ఒకమ్మాయి తల ఊపుతోంది. బజారుకు రాలేని మనిషి కాలి పొడవును పుల్లతో కొలిచి, మడమ దగ్గర ఒక చివర పెట్టి, బొటనవేలి దగ్గర గిల్లి తెస్తారు. ఆమె ఎందుకు రాలేదు? బర్రెలు ఉంటాయి, ముసలి అత్త ఉంటుంది, ఇద్దరికి బస్సు ఛార్జీ ఉంటుంది. కారణం ఏదైతేనేం, మనిషి రాలేదు. పుల్ల వచ్చింది.

నేను పుల్లను కొలత చెక్క మీద పెట్టాను. సరిగ్గా 5. గర్వంగా "5 నంబరు" అని అరవబోయాను. చాచా నా భుజం మీద చేయి వేశారు. ఆయన రైతును అడిగారు.

"నాటుకు పోతుందా?"

"పోతుంది. పెళ్లయినప్పటి నుంచీ."

"పొలానికి చెప్పులతోనే పోతుందా?"

"గట్టు దాకా. లోపలికి ఒట్టి కాళ్లే కదా."

"వేళ్ల సందుల్లో పుండ్లు పడతాయా?"

రైతు ఒక క్షణం ఆలోచించాడు. "నాట్ల కాలంలో పడతాయి. పసుపు రాసుకుంటుంది" అన్నాడు.

చాచా పైకి చూసి 6 అరిచారు. బొటనవేలి పక్కన పట్టీ దూరే రకం కాదు, పాదం మీదుగా అడ్డంగా వెడల్పు పట్టీ ఉండే రకం. రైతు వెళ్లాక నేను అడిగాను, కొలత 5 వచ్చింది కదా, 6 ఎందుకిచ్చారు అని. ఆయన పుల్లను నా చేతికిచ్చారు. "ఇది పొడవు చెబుతుంది బేటా. వెడల్పు చెబుతుందా? ఏళ్ల తరబడి ఒట్టి కాళ్లతో బురదలో నిలబడిన మనిషికి వేళ్లు విచ్చుకుపోతాయి. 5లో ఆ కాలు పట్టదు. వేళ్ల సందుల్లో పుండ్లున్నప్పుడు మధ్యలో పట్టీ దూరితే నడవగలదా?"

మనం కామర్సులో ఏం చదువుతాం? వినియోగదారుడి అవసరాలు, అభిరుచులు, కొనుగోలు శక్తి. ఆ పాఠం నేనిప్పుడు మీకు చెబుతున్నాను కూడా. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రోజు దుకాణానికి రాని మనిషి, ముఖం తెలియని మనిషి, పేరు తెలియని మనిషి పాదం ఎలా ఉంటుందో చాచా మూడు ప్రశ్నలతో చూశారు. అమ్మడం అంటే మాటకారితనం అనుకుంటారు చాలామంది. నోరున్నవాడు అమ్ముతాడంటారు. నేను చూసిన గొప్ప సేల్స్‌మన్ ఆ పది నిమిషాల్లో సరుకు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగారు, విన్నారు. ఆ చెప్పులు మళ్లీ వెనక్కి రాలేదు. రాలేదంటే సరిపోయాయని అర్థం, ఎందుకంటే సరిపోకపోతే మన రైతు ఊరుకోడు, మరుసటి బస్సుకు వస్తాడు.

ఇక నా తప్పు చెప్పాలి. ఇది చెప్పడం నాకు తేలిక కాదు.

ఆ ఏడాది జులై 1 నుంచి జీఎస్టీ వస్తోంది. చెప్పులు, బూట్ల మీద 500 రూపాయల లోపు ధరకు 5 శాతం, 500 దాటితే 18 శాతం. ఇప్పుడు, 2025 సెప్టెంబరు 22 నుంచి, 2,500 దాకా 5 శాతమే. అప్పుడు పరిస్థితి వేరు. జూన్ 30 రాత్రికి దుకాణంలో ఉన్న పాత సరుకు అంతా లెక్క తేలాలి. దేశమంతా వ్యాపారులు ఆ జూన్‌లో పాత సరుకు వదిలించుకోవడానికి తగ్గింపులు పెట్టారు. మా యజమానికి నిద్ర లేదు. నన్ను, ఇంకో కుర్రవాణ్ని అటక మీద సరుకు లెక్కకు పెట్టారు. ఓపెనింగ్ స్టాకు, క్లోజింగ్ స్టాకు అని నేను పరీక్షలో రాసిన మాటలు అక్కడ దుమ్ము పట్టిన పెట్టెలై ఎదురయ్యాయి. మూలన నాలుగేళ్ల నాటి బూట్లు బయటపడ్డాయి. పెట్టెల మీద ఎర్రచుక్క పెట్టాం. ఎర్రచుక్క జత అమ్మితే అమ్మినవాడికి 20 రూపాయలు.

20 రూపాయలు. రోజుకు మూడు జతలు అమ్మితే 60. నాకు అది పెద్ద డబ్బు. ఒక సాయంత్రం ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. కూతురి పెళ్లి. జీవితంలో మొదటిసారి బూట్లు కొంటున్నానని చెప్పాడు. నేను ఎర్రచుక్క జత తీశాను. నల్లగా నిగనిగలాడుతోంది. తొడిగాను, సరిపోయింది. నంబరు సరిగ్గానే చూశాను, బొటనవేలితో నొక్కి మరీ చూశాను. బేరం కూడా ఆడలేదాయన. నా 20 నాకు వచ్చాయి.

ఆరు రోజుల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. అందులో నా బూట్లు. పై భాగం అలాగే ఉంది, కొత్తదిలాగే మెరుస్తోంది. అడుగు భాగం మాత్రం ఎండిన రొట్టె నలిపినట్టు ముక్కలు ముక్కలు. పీయూ సోలు అంటారు, పాలీయురెథేన్. తేలిగ్గా మెత్తగా ఉంటుంది, కానీ ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే గాలిలోని తేమకు లోలోపలే చెడిపోతుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా. చూడ్డానికి ఏమీ తెలియదు. తొడుక్కుని నడిస్తే విచ్చిపోతుంది. బతికి ఉన్న వస్తువులా కనిపిస్తుంది గానీ ప్రాణం ఎప్పుడో పోయి ఉంటుంది.

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మగపెళ్లివారికి ఎదురు వెళ్తుంటే ఊడిపోయింది బాబూ. అక్కడే విడిచేసి ఒట్టి కాళ్లతో నిలబడ్డాను" అన్నాడు.

యజమాని ఒక్క మాట అనకుండా డబ్బంతా తిరిగి ఇచ్చి, ఇంకో జత కూడా ఇచ్చారు. ఎర్రచుక్క పెట్టెలన్నీ కిందికి దింపించి ఒక్కొక్క సోలును వంచి చూపించమన్నారు. పగుళ్లు వచ్చినవి అమ్మవద్దన్నారు. ఆయనకు నష్టం వచ్చింది. ఆయన ఆ పని చేశారు. మరి నేనేం చేశాను? అన్నీ సరిగ్గా చూశాను అనుకున్నాను. కాలు చూశాను, నంబరు చూశాను. పెట్టె ఎందుకు అటక మీద నాలుగేళ్లు ఉండిపోయిందో అడగలేదు. నా కళ్ల ముందు 20 రూపాయలు ఉన్నాయి కాబట్టి అడగలేదు. కూతురి పెళ్లిలో ఆ తండ్రి ఒట్టి కాళ్లతో నిలబడిన రోజును నేను తిరిగి ఇవ్వగలనా? ఎవరూ ఇవ్వలేరు. ఆ 20 రూపాయలు ఆయన సంచిలో వేయబోతే చాచా వద్దన్నారు. "నీ మనసు తేలిక కావడానికి ఆయన చేతిలో పెట్టకు" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

మీరు చేరబోయే చోట కూడా ఇలాంటి ప్రోత్సాహకాలు ఉంటాయి. ఫలానా ఫోను అమ్మితే ఇంత, ఫలానా సబ్బు అమ్మితే ఇంత. తీసుకోండి, అది మీ కష్టం. కానీ ఈ వస్తువు మీదే ఎందుకు ఎక్కువ ఇస్తున్నారని మొదటి రోజే అడగండి. జవాబు దాటవేస్తే ఆ వస్తువును ముందు మీరు వంచి చూడండి.

జూన్ చివర్లో ఒకాయన వచ్చాడు, మర్రిగూడ వైపు మనిషి. మెట్టు ఎక్కుతుండగానే తెలిసిపోయింది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఫ్లోరోసిస్. మన జిల్లాలో పుట్టినవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, మరో దారి లేకపోతే ఒకటిన్నర దాకా. మన బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తాగి తరాలు పెరిగాయి. ఇప్పుడు కృష్ణా నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి, కొత్తగా పుట్టే పిల్లలకు అది ఎంత మేలో చెప్పలేను. కానీ నీళ్లు మారినంత మాత్రాన వంగిన ఎముక నిటారవుతుందా? కాదు కదా. ఆ మనిషి అదే కాళ్లతో ఇంకా నడవాలి.

ఆయన విడిచిన చెప్పులు తిప్పి చూశాను. లోపలి అంచు కాగితంలా అరిగిపోయింది, బయటి అంచు కొత్తగా ఉంది. కాళ్లు కొలిస్తే ఒకటి 7, ఒకటి 8. పెట్టెలో రెండూ ఒకే నంబరు ఉంటాయి. ఇప్పుడేం చేస్తాం? చాచా ఆయన్ను కూర్చోబెట్టి కొలవడంతో ఆగలేదు, నాలుగడుగులు నడిపించి చూశారు. 8 నంబరు జత ఇచ్చి, చిన్న కాలి చెప్పులో ఒక మెత్తటి అట్ట పరిచారు. ఆ తర్వాత చెప్పులు నాకిచ్చి, దుకాణం ముందు కాలిబాట మీద కూర్చునే చెప్పులు కుట్టే తాత దగ్గరికి పంపారు. తాత కూడా ఆ మనిషిని పిలిచి నడిపించి చూశాడు. రెండు చెప్పులకూ లోపలి అంచు కింద రబ్బరు పట్టీ కోసి, మేకు లేకుండా కుట్టి, ఎత్తు పెంచాడు. 30 రూపాయలు. కంపెనీ చేసి పంపలేని పని అది. మా నాన్న ఏ పనికి నన్ను వెళ్లవద్దన్నారో, ఆ పని ఆ తాత చేతుల్లో ఎలా ఉందో నేను పక్కన గొంతుక్కూర్చుని చూశాను. ఆ రోజు నుంచి గడియారం సెంటరులో ఎవరు కనిపించినా సందులోకి తప్పుకోలేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే టీ వచ్చేసినట్టుంది. కాసేపు ఆగమనండి.

చాచా సాయంత్రాలు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి కూర్చునేవారు. పిక్కల మీద నరాలు తాడులా ఉబ్బి ఉండేవి. ఇరవై రెండేళ్లు నిలబడిన ఫలితం. మా దుకాణంలో కాలు కొలిచేటప్పుడు కూర్చోవడానికి చిన్న పీట ఉండేది, మిగతా పొద్దంతా నిలబడాల్సిందే. బట్టల దుకాణాల్లో ఆ పీట కూడా ఉండదు. అక్కడ పనిచేసే అమ్మాయిలను అడగండి, కొనేవాళ్లు లేనప్పుడు కూర్చుంటే ఏమంటారో. కేరళలో దుకాణాల మహిళా కార్మికులు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో అక్కడ చట్టం సవరించారు. 2021లో తమిళనాడు కూడా సవరించింది. ఒక్క స్టూలు! దాని కోసం చట్టసభలు కూర్చోవాల్సి వచ్చింది. పక్కవాడి కాలు చూడటం నేర్చుకున్న మనం, మన కాళ్లను ఎవరూ చూడకపోతే ఊరుకోవాలా?

మన దగ్గర దుకాణాలు, సంస్థల చట్టం 1988 నుంచి ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. వరసగా 5 గంటలు పనిచేస్తే గంట విశ్రాంతి. వారానికి ఒక రోజు సెలవు. ఇవి మీరు బతిమాలుకునేవి కావు. "రెండు నెలలకే కదా, సర్దుకుపో" అంటారు. సర్దుకోవద్దు. మీరు రెండు నెలల్లో వెళ్లిపోతారు, పక్కన నిలబడే అక్క ఇరవై ఏళ్లు అక్కడే ఉంటుంది. మీరు అడిగితే ఆమెకు కూడా అడగడం తేలికవుతుంది. జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు, సెలవు ఏ రోజు, కూర్చోవడానికి ఏముంది, ఈ నాలుగూ చేరే ముందే అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి. అమ్మాయిలూ, రాత్రి మిమ్మల్ని ఎన్ని గంటలకు వదులుతారో, ఆఖరి బస్సు ఎప్పుడో రెండూ కలిపి చూసుకోండి.

తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టాం. పనికి వెళ్లాలనుకునేవారు టీ తాగి అందులో పేరు, ఊరు, ఏ తేదీ నుంచి రాగలరో రాయండి. మన పూర్వ విద్యార్థుల్లో దుకాణాలు ఉన్నవారితో మాట్లాడతాం. ఆ కాగితంలో చివర ఒక గడి ఖాళీగా ఉంటుంది, పైన ఏమీ రాసి ఉండదు. అది ఈ రోజు నింపవద్దు. ఇంటికి వెళ్లండి. అమ్మ పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని, ఒక పొరక పుల్ల విరిచి కొలత తీసుకోండి. కాలు వెనక్కి లాక్కుంటుంది, నాకెందుకురా అంటుంది, మా అమ్మ కూడా అలాగే అంది. కొలవండి. వెడల్పు కూడా చూడండి. సోమవారం వచ్చి ఆ నంబరు ఆ గడిలో రాయండి.